నాన్న చేత రంగం కబుర్లు చెప్పించడం

మామిడికాయలు లెక్కపెడుతూ మా నాన్న ఉన్నట్టుండి "తిత్, నిత్, తోన్" అన్నాడు. తొంభై దాటిన మనిషి. పలాస దాటి ఎరగడనుకున్నాం. అవి బర్మా అంకెలు.

మా శ్రీకాకుళం వైపు రంగూన్‌ని రంగం అంటారు. మీ ఇంట్లోనూ "తాత రంగంలో చేసేవాడు" అన్న మాట వినబడుతుంటే, మీ పెద్దాయనా 1942లో జపాను దాడికి బర్మా వదిలి నడిచొచ్చిన పిల్లాడేమో చూడండి.

"ఏం జరిగింది నాన్నా?" అని మాత్రం అడక్కండి. నేనడిగాను, రెండ్రోజులు పలకలేదు. కాళ్ళ సంగతి అడగండి, తిండి సంగతి అడగండి. "కాళ్ళకేం వేసుకున్నావు?" అంటే, "గోనెపట్టా చుట్టింది అమ్మ" అన్నాడు. గోనె ఎక్కడిది? బియ్యం బస్తాది. బియ్యం ఎక్కడ కొన్నారు? ప్రోములో, బర్మాలో ఊరది. అంతే, దారి దొరికింది. ప్రోము అన్నారంటే కొండలెక్కి టాంగప్ కనుమ మీదుగా సముద్రపొడ్డుకి, అక్కణ్ణుంచి పడవల్లో అక్యాబు, చిట్టగాంగు. సరిహద్దు ఊరు టము అన్నారంటే మణిపూర్ దారి. ఇప్పటి మ్యాపుల్లో ప్రోము ప్యే అయింది, అక్యాబు సిట్వే అయింది. పాత మ్యాపు దగ్గరుంచుకోండి.

తేదీలు వాళ్ళకి గుర్తుండవు. అందరికీ తెలిసినవాటికి ముడిపెట్టండి. రంగం మీద తొలి బాంబులు 1941 డిసెంబరు 23న పడ్డాయి. 1942 మార్చి 8న ఊరు జపానువాళ్ళ చేతికి పోయింది. ఏప్రిల్ 6న విశాఖ, కాకినాడల మీద బాంబులేశారు. "అప్పుడెక్కడున్నావు?" అన్నాను. "ఇంట్లోనే. ఊరంతా పారిపోతుంటే అమ్మ కదల్లేదు. ఇంక నడవనంది."

కాగితాలకి జాతీయ అభిలేఖాగారం (నేషనల్ ఆర్కైవ్స్) వారి అభిలేఖ్ పటల్ వెబ్‌సైట్ చూడండి. కూలీల పేర్లు ఎవరు రాస్తారు గనక! పేరుతో కాకుండా బర్మా, ఎవాక్యుయీ (ఊరొదిలి వచ్చినవాళ్ళు) అని కొట్టండి. కోరంగీ అని కూడా. అక్కడ మనవాళ్ళని అలాగే పిలిచేవారు, కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు మీద.

తోబుట్టువులుంటే విడిగా అడగండి. నాన్న ఎప్పుడూ "పిల్లలం ఇద్దరం" అనేవాడు. "ముగ్గురం బయల్దేరాం" అంది మా మేనత్త. కనుమలో వాంతులూ విరేచనాలూ పట్టుకున్నాయట. ఒకరి మాట పట్టుకెళ్ళి ఇంకొకరి దగ్గర నిజమా అని నిలదీయొద్దు. నేను నోరెత్తలేదు.

నాలుగు రోజులు పోయాక నాన్నే అడిగాడు.

"చిన్నోడి సంగతి చెప్పిందా మీ అత్త?"

"చెప్పింది."

"సరే. కాఫీ పెట్టమ్మా."