తిరుపతిలో ఉంటూ బాస్కెట్‌బాల్ కోచ్ కావడం ఎలా?

ఈల కొనేముందు ఒక నోటుపుస్తకం కొనండి. తిరుపతిలోనో చిత్తూరులోనో రోజూ సాధన జరిగే కోర్టు చూసుకుని, అక్కడి కోచ్ అనుమతితో నెల రోజులు పక్కన కూర్చోండి. ఏ కసరత్తు ఎన్ని నిమిషాలు చేయించారు, ఎవరు ఎక్కడ తడబడ్డారు, అప్పుడు కోచ్ ఏమన్నారు, అన్నీ రాసుకోండి. వేసవిలో పొద్దెక్కితే సిమెంటు కోర్టు మీద కాలు పెట్టలేం కనుక తెల్లవారి అయిదున్నరకే అక్కడ ఉండాలి. ఉదయం నిద్ర వదులుకోలేనివారికి ఈ వృత్తి పడదు.

తర్వాత చిన్న పిల్లలకు నేర్పండి. చాలామంది దీన్ని చిన్నచూపు చూస్తారు గానీ, నా లెక్కలో అసలు చదువు ఇదే. 3.05 మీటర్ల ఎత్తున్న రింగులోకి పెద్దవాళ్లు ఆడే ఏడో నంబరు బంతి వేయమంటే తొమ్మిదేళ్ల పిల్లవాడు ఒళ్లంతా విదిల్చి, నడుము దగ్గర నుంచి విసురుతాడు. ఆ అలవాటు ముదిరితే మాన్పించడం మహా కష్టం. అందుకే మినీ బాస్కెట్‌బాల్‌లో రింగు 2.60 మీటర్లే, బంతి అయిదో నంబరు. దించే వీలున్న బోర్డు లేకపోతే గోడ మీద సుద్దముక్కతో గుండ్రం గీయండి. మీరు ఎక్కువసేపు వివరిస్తే పిల్లల చూపు పక్కకు పోతుంది. తక్కువ మాటల్లో చెప్పడం వాళ్లే మీకు నేర్పుతారు.

ఇక పట్టాల సంగతి. పటియాలాలో 1961లో మొదలైన జాతీయ క్రీడా సంస్థలో కోచ్‌ల కోసం ఏడాది డిప్లొమా ఉంది. ఆరు వారాల సర్టిఫికెట్ కోర్సు తొలి అడుగుకు సరిపోతుంది. ఇంట్లో నెలజీతం మాట ఎత్తుతారు కదా, అందుకు వ్యాయామ విద్యలో పట్టా అయిన బీపీఈడీ చేసి బడిలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా చేరి, సాయంత్రాలు జట్టును తీర్చిదిద్దుకోవచ్చు. ఇందులో నామోషీ ఏమీ లేదు. అండర్-14, అండర్-17 పాఠశాల జట్లు ఉండేది అక్కడే.

పెద్ద జట్టు దగ్గర చేరాలంటే వీడియో పని నేర్చుకోండి. ఎరిక్ స్పోల్‌స్ట్రా 1995లో అమెరికా వృత్తి లీగ్ ఎన్‌బీఏలోని మయామీ హీట్ జట్టులో వీడియో గది నుంచే మొదలుపెట్టి, 2008లో ప్రధాన కోచ్ అయ్యారు. 2012, 2013లలో ఆ జట్టును లీగ్ విజేతగా నిలిపారు. మీకు ఒక ఫోను, దాన్ని కదలకుండా నిలిపే స్టాండు చాలు. కళాశాలల పోటీ ఒకటి చిత్రీకరించి, జట్టు చేజార్చుకున్న బంతులను మాత్రమే లెక్కకట్టి కోచ్ చేతిలో పెట్టండి. రెండోసారి ఆయనే కబురు పెట్టవచ్చు.

సొంత జట్టు చేతికొచ్చాక దాన్ని ముగ్గురేసి ఆడే త్రీ ఎక్స్ త్రీ పోటీలో దించండి. పది నిమిషాల ఆట, లేదా ఎవరు ముందు 21 పాయింట్లు చేస్తే వారిదే గెలుపు. ఆట సాగుతుండగా బయటి నుంచి కోచ్ సూచనలివ్వడం నిషిద్ధం. జనంలో కూర్చుని, నోరు మూసుకుని, నోటుపుస్తకం తెరవండి.