పల్లెలో ఇళ్లు పెరిగినా బయలు మిగలాలంటే లేఅవుట్ ఎలా గీయాలి?

పల్లె అంచున కొత్త ఇళ్ల కోసం వేసిన లేఅవుట్లు చాలా చూశాను, కొన్ని నేనే గీశాను. చెడిపోయినవన్నీ దాదాపు ఒకే చోట చెడిపోయాయి. ముందు రోడ్డు గీస్తారు. రోడ్డుకు అటూ ఇటూ ప్లాట్లు కోస్తారు. చివర్లో మూలగానో వంకరగానో ఎవరూ కొననిది ఒక ముక్క మిగులుతుంది. దానికి పచ్చరంగు పూసి ‘ఓపెన్ స్పేస్’ అని రాస్తారు. ట్రాన్స్‌ఫార్మర్ పక్కన ఒకటి, మురుగు కాలువ వెంట ఇంకొకటి. నిబంధన అడిగిన శాతం లెక్క సరిపోతుంది. ఆ ముక్కలో పిల్లలు ఆడరు, పశువు మేయదు, వాననీరు నిలవదు.

ఈ వరసను తిరగేయాలి. మిగల్చాల్సిన నేల ముందు, తర్వాత ఇళ్లు, ఆ తర్వాత దారులు, ప్లాటు గీతలు చిట్టచివర. అమెరికాలో రాండల్ ఆరెంట్ అనే ప్లానర్ 1990లలో ఈ నాలుగు మెట్ల పద్ధతిని బాగా వ్యాప్తిలోకి తెచ్చాడు. కొండ ప్రాంతమైనా మైదానమైనా ఇది పనిచేస్తుంది.

ఒక మాట ముందే చెప్పాలి. నేను ‘ఖాళీ స్థలం’ అనను, ‘బయలు’ అంటాను. మీటింగులో ఖాళీ అన్న మాట వాడితే చాలు, దాన్ని దేనితో నింపుదామా అని ఎవరో ఒకరు ఆలోచించడం మొదలుపెడతారు. బయలు అంటే అప్పటికే ఏదో ఒక పనిలో ఉన్న నేల. నీటిని ఇంకిస్తుంది, పంటనిస్తుంది, గాలిని ఆడనిస్తుంది. మీ కాగితాల మీద కూడా అలాగే రాయండి.

కావలసినవి

సర్వే పటం, నేల ఎత్తుపల్లాలను మీటరు ఎత్తుకో గీత చొప్పున చూపే కాంటూరు పటం, ఒక ఉపగ్రహ చిత్రం, ట్రేసింగ్ పేపర్ చుట్ట, మెత్తటి పెన్సిళ్లు, పాతడానికి కర్రలు, రెండు రంగుల గుడ్డ పీలికలు, గట్టి బూట్లు. కంప్యూటర్‌ను చివర్లో తెరవండి. తెర మీద గీసిన గీత మొదటి రోజే ఖరారైనట్టు కనిపిస్తుంది, దాన్ని చెరపడానికి ఎవరికీ మనసొప్పదు. నేల గురించిన ఒక్కో సంగతినీ ఒక్కో పారదర్శక కాగితం మీద గీసి, అన్నిటినీ ఒకదాని మీద ఒకటి పరిచి చూసే పద్ధతికి 1960లలో పేరు తెచ్చినవాడు ఇయన్ మెక్‌హార్గ్ అనే ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్ట్. ఇప్పుడు అదే పనికి సాఫ్ట్‌వేర్ ఉంది, నిజమే. కానీ చేత్తో గీస్తే నేల చేతికి అలవాటవుతుంది. మొదటి విడత తప్పకుండా చేత్తోనే గీయాలి.

ముందు ఇళ్ల లెక్క తేల్చండి

40 ఎకరాలు ఉన్నాయనుకుందాం. ఇంటికి 2 ఎకరాలు ఉండాలని నిబంధన. వాగు, దాని ముంపు కలిపి 4 ఎకరాలు. మామూలు పద్ధతిలో గీస్తే రోడ్లకు ఇంకో 4 పోతాయి. మిగిలిన 32లో 16 ఇళ్లు వస్తాయి. ఈ 16 అన్న అంకెకు యజమాని, అనుమతి ఇచ్చేవాళ్లు, ఊరివాళ్లు అందరూ ఒప్పుకున్నాకే ముందుకు కదలండి. కాగితం మీద సంతకాలు కూడా చేయించండి. తర్వాత జరిగే ఏ వాదనలోనూ ఇళ్ల సంఖ్య పెరగకూడదు, తగ్గకూడదు. యజమానికి నష్టం లేదని తెలిస్తే సగం గొడవ అక్కడే తగ్గుతుంది.

ఇప్పుడు అవే 16 ఇళ్లను అరెకరం చొప్పున దగ్గరగా కడితే 8 ఎకరాలు చాలు. రోడ్డు పొట్టిదవుతుంది కాబట్టి దానికి రెండున్నర ఎకరాలు సరిపోతాయి. వాగుతో కలిపి 29.5 ఎకరాలు, అంటే దాదాపు ముప్పావు భూమి బయలుగా మిగులుతుంది. ప్లాటు చిన్నదవడానికి నిబంధన ఒప్పుకోవాలి. ఒప్పుకోని చోట ముందు ఆ నిబంధనను మార్పించుకోవాలి, వేరే దారి లేదు.

ఇంటికి ఐదెకరాలో పదెకరాలో తప్పనిసరి చేస్తే పల్లె పల్లెలాగే ఉంటుందని చాలామంది నమ్ముతారు. ఉండదు. ఇంటివాళ్లు రోజూ తిరిగేది గుమ్మం చుట్టూ ఉన్న కాస్త జాగాలోనే. మిగతాది కంచెల మధ్య ముక్కలై ఎవరికీ పూర్తిగా ఉపయోగపడదు. అంత దూరదూరంగా ఉన్న ఇళ్లకు రోడ్డు, కరెంటు తీగ, నీళ్ల పైపు లాగడానికి ఊరంతా తవ్వాల్సి వస్తుంది.

కట్టకూడని నేలను పక్కన పెట్టండి

ఇది పటం చూసి ఒక పూటలో చేసే పని. వాగు, కుంట, చిత్తడి నేల, వరద ముంపు, 25 శాతం దాటిన వాలు, అంటే వంద అడుగులు ముందుకు నడిస్తే పాతిక అడుగులు పైకెక్కే చోటు. వీటన్నిటినీ ఒక ట్రేసింగ్ పేపర్ మీద గీసి, చుట్టూ కొంత జాగా కలిపి పక్కన పెట్టండి. 15 నుంచి 25 శాతం వాలును వేరే రంగుతో గుర్తించండి, అక్కడ జాగ్రత్త అవసరం.

కట్టగలిగే నేలలో ఏది వదలాలి?

పని చెడిపోయేది ఇక్కడే. వాగులో ఎలాగూ ఎవరూ ఇల్లు కట్టరు. దాన్ని వదిలేసి ‘ఇంత బయలు మిగిల్చాం’ అని చెప్పుకోవడం లెక్కలోకి రాదు. చదునుగా, పొడిగా, ఇల్లు కట్టడానికి అన్నివిధాలా అనువుగా ఉన్న నేలలోనే కొంత వదలాలి. నా నియమం: కట్టగలిగే నేలలో కనీసం సగం. పైన చెప్పిన 40 ఎకరాల్లో వాగు, ముంపు తీసేస్తే 36 ఉన్నాయి. ఇళ్లు, రోడ్లు పోను 25.5 మిగులుతున్నాయి. అంటే సగం దాటుతోంది. కాబట్టి ఇది అత్యాశ కాదు.

ఏ సగం అన్నది మాత్రం పటం చెప్పదు, నేల మీద తిరిగితేనే తెలుస్తుంది. మూడుసార్లు తిరగండి: ఒకసారి పొద్దున్నే, ఒకసారి సాయంత్రం, ఒకసారి గట్టి వాన వెలిసిన మర్నాడు. మూడోది మానేస్తే మొదటి రెండూ వృథా. ఆ నేలను ఏళ్ల తరబడి సాగు చేసినవాళ్లను వెంట తీసుకెళ్లండి. వాళ్లను ‘ఇక్కడ ఏది ముఖ్యం?’ అని అడగకండి. ఆ ప్రశ్నకు ఎవరైనా మర్యాద కోసం అన్నీ ముఖ్యమే అంటారు. ‘వానాకాలంలో ఏ దారిన నడుస్తారు? ఏ మడి అన్నిటికన్నా ముందు ఆరుతుంది? ఎండలో పని ఆపి ఎక్కడ కూర్చుంటారు?’ అని అడగండి. ఆ మూడు జవాబుల్లో సగం లేఅవుట్ ఉంటుంది.

నడిచేటప్పుడు కంచె తీగలను చూడండి. ఒకచోట అడుగు తీగకు ఎండుగడ్డి, పుల్లలు, ఆకుల చెత్త చిక్కుకుని, అన్నీ ఒకే పక్కకు వంగి ఉంటాయి. అది మోకాలి ఎత్తున ఉందంటే నీళ్లు ఎప్పుడో మోకాలి ఎత్తున అటుగా పోయాయని అర్థం. మీటరు కాంటూరులో ఆ పల్లం కనిపించదు, ఎందుకంటే దాని లోతు మీటరు ఉండదు. ఇది నేను కష్టపడి నేర్చుకున్న పాఠం. ఒక లేఅవుట్‌లో ఎండాకాలం నడిచి, గట్టిగా చదునుగా ఉందని ఒక చోట ఆరు ఇళ్లు గుర్తించాను. కట్టిన మరుసటి వానకు వాటిలో రెండు ఇళ్ల గుమ్మాల దాకా నీళ్లొచ్చాయి. పైనున్న పొలాల నీరంతా దిగే దారి అది. ఒక ఇంటావిడ తడిసిన బియ్యం బస్తాను వాకిట్లోకి లాగుతూ నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. అప్పటినుంచి వాన వెలిశాక నడవకుండా ఒక్క కర్ర కూడా పాతలేదు.

వదలాల్సినవి ఇలాంటివి: వాననీరు పారే, ఇంకే పల్లాలు, సారవంతమైన మడి, పాత చెట్ల వరస, గట్ల వెంట పెరిగిన పొదలు, పాత బావి, సమాధులు, దారిన పోయేవాళ్లకు దూరం దాకా కనిపించే మెరక. అన్నీ వదలలేం. అందుకే వరస కట్టాలి. తప్పనిసరిగా వదలాల్సినదానికి ఎర్ర గుడ్డ, వీలైతే వదలాల్సినదానికి తెల్ల గుడ్డ కట్టండి. ఎర్ర గుడ్డ కట్టిన కర్రను ఎంత ఒత్తిడి వచ్చినా పీకకండి. తెల్ల గుడ్డ మీద బేరానికి రావచ్చు.

చెట్ల దగ్గర అందరూ చేసే పొరపాటు ఒకటుంది. చెట్టును ఉంచుతారు, వేళ్లను వదిలేస్తారు. కాండం మొదట్లోకి రోడ్డు మట్టి పోస్తారు, పైపు కోసం కందకం తవ్వుతారు, లారీలు నిలుపుతారు. చెట్టు అదే ఏడు చావదు. మూడు నాలుగేళ్లకు పైకొమ్మలు ఎండడం మొదలవుతుంది, అప్పటికి కారణం ఎవరికీ గుర్తుండదు. బ్రిటిష్ ప్రమాణాల ప్రకారం కాండం అడ్డకొలతకు 12 రెట్ల దూరం చుట్టూ ముట్టుకోకూడదు. అర మీటరు లావు చెట్టుకు అది అన్ని పక్కలా 6 మీటర్లు. ఆ గుండ్రాన్ని పటం మీద గీయండి. గీయకపోతే అది లేనట్టే.

అన్నిటికన్నా ముఖ్యంగా, వదిలినది ఒకే ముక్కగా ఉండాలి. ఇంటింటి వెనకా తలా కొంచెం పంచిపెడితే న్యాయంగా ఉందనిపిస్తుంది. లెక్క చూడండి. ఒకే చతురస్రంగా ఉన్న 20 ఎకరాల చుట్టుకొలత సుమారు 3,730 అడుగులు. అదే 20 ఎకరాలు ఎకరం చొప్పున 20 చతురస్రాలైతే మొత్తం చుట్టుకొలత సుమారు 16,700 అడుగులు. నాలుగున్నర రెట్ల అంచు. అంచు అంటే కలుపు, కుక్కలు, చెత్త, హద్దు తగాదా. అంచు నుంచి దూరంగా ఉండే లోపలి నేల కావాల్సిన పక్షులకు, జంతువులకు ఆ ఎకరం ముక్కలు ఎందుకూ పనికిరావు. ఒక్క ముక్కగా కుదరకపోతే కనీసం పల్లం వెంటో గట్టు వెంటో ఒకదాన్నొకటి అంటుకునేలా చూడండి. పక్క భూమిలో ఇప్పటికే అడవో కుంటో ఉంటే మీ బయలును దానికి ఆనించండి. రేపు ఆ పక్కవాళ్లూ ఇళ్లు వేస్తే వాళ్ల బయలు మీదాన్ని కలుసుకుంటుంది.

ఇళ్లు, దారులు, గీతలు

ఇప్పుడు 16 చుక్కలు పెట్టండి. ప్లాట్లు కాదు, చుక్కలు. బయలు అంచున పెట్టండి, నడిమధ్యన వద్దు. మెరక నెత్తిన వద్దు, కాస్త దిగువన పెడితే దూరం నుంచి కొండ గీత చెడదు, ఇంటికి గాలి దెబ్బ తగ్గుతుంది. ప్రతి ఇంటికీ ఏదో ఒక పక్క నుంచి బయలు కనబడాలి. ఇందులో నేను రాజీపడను. ప్లాటు చిన్నదైందన్న బాధ కిటికీ తెరవగానే పోవాలి.

ఎక్కడ పెట్టాలన్నది మురుగునీరు కూడా చెబుతుంది. ఊరి డ్రైనేజీ లేకపోతే సెప్టిక్ ట్యాంకు నుంచి వచ్చే నీరు నేలలోనే ఇంకాలి. గుంత తవ్వి, ముందు బాగా తడిపి, ఆపైన మళ్లీ నీళ్లు నింపి ఎంత వేగంగా దిగుతోందో కొలవండి. నీరు బాగా ఇంకే నేల బయలులో పడితే కంగారు పడకండి. ఇల్లు పక్కన కట్టి, ఇంకే పైపులను బయలు గడ్డి కింద వేయవచ్చు. మంచినీటి బావికి మాత్రం దూరంగా వేయండి. చాలా చోట్ల నిబంధనలు 15 నుంచి 30 మీటర్ల దూరం అడుగుతాయి. నేను 30 కన్నా తగ్గించను.

చుక్కలు కుదిరాక వాటిని దారితో కలపండి. దారి కాంటూరు వెంట సాగాలి, దాన్ని అడ్డంగా కోయకూడదు. వీలైనంత మేర ఒక పక్క ఇళ్లు, ఒక పక్క బయలు ఉండనివ్వండి. నడిచే దారి వేరుగా, బయలు గుండా వేయండి. పాత బాట ఉంటే అదే ఉంచండి, అది ఎందుకు అలా వంకరపోయిందో వానాకాలంలో తెలుస్తుంది.

ప్లాటు గీతలు గీయడం ఇక అరగంట పని. బయలులో సేద్యం సాగుతుంటే పొలానికీ ఇళ్లకీ మధ్య 30 మీటర్ల వెడల్పున చెట్లూ పొదలూ పెంచండి. మందు కొట్టే రోజు, కోతల దుమ్ము లేచే రోజు పొట్లాటలు రాకుండా ఉండేది దానివల్లే.

బయలును కాగితాల మీద కట్టేయండి

‘ఇక్కడ ఎప్పటికీ కట్టం’ అన్న మాట బ్రోచర్‌లో ఉంటే చాలదు, భూమి రిజిస్ట్రేషన్ కాగితాల్లో ఉండాలి. అమెరికాలో దీన్ని కన్జర్వేషన్ ఈజ్‌మెంట్ అంటారు. భూమి చేతులు మారినా షరతు దానితోపాటే వెళ్తుంది. మీ చోట దానికి సరిపోయే చట్టపు రూపం ఏదో లాయరుతో తేల్చుకోండి. యజమాని ఎవరైనా కావచ్చు: ఇళ్లవాళ్ల సంఘం, స్థానిక సంస్థ, ట్రస్టు, లేదా ఇప్పుడు సాగు చేస్తున్న రైతే. షరతును అమలు చేయించే హక్కు మాత్రం యజమానికి కాకుండా ఇంకొకరికి ఉండాలి. ఇద్దరూ ఒకరే అయితే, డబ్బు అవసరం పడ్డ రోజున షరతు కరిగిపోతుంది. ఎవరు గడ్డి కోయాలి, ఎవరు కంచె బాగుచేయాలి, ఖర్చు ఎక్కడి నుంచి రావాలి అన్నవి మొదటి ప్లాటు అమ్మకముందే రాసి ఉండాలి.

చివరి పని ఒకటుంది. అనుమతి వచ్చిన రోజునుంచి జేసీబీ దిగే రోజు దాకా ఉన్న వ్యవధిలో, ఎర్ర గుడ్డలు కట్టిన చోటల్లా నిజమైన కంచె వేయించండి. రిబ్బన్ చాలదు. మనిషి దాటాలంటే కాలు ఎత్తాల్సినంత గట్టి కంచె కావాలి. ఆ కంచె చుట్టూ మీరు స్వయంగా ఒకసారి నడిచి వచ్చాకే బండిని లోపలికి రానివ్వండి. ఇటుకలు, కంకర, సిమెంటు ఎక్కడ దింపాలో డ్రైవరుకు ఆ పొద్దున్నే చోటు చూపించండి. చూపించకపోతే అతను చదునుగా, నీడగా ఉన్న చోటు చూసి ఆ పెద్ద చెట్టు కిందే దింపుతాడు.