లాపరోస్కోపీ (పొట్టకు చిన్న రంధ్రాలు పెట్టి చేసే ఆపరేషన్) అయిన పిల్లల్ని ఇంటికి తీసుకెళ్లే ముందు: నొప్పి జాగ్రత్తలు

• విజయవాడ సూర్యారావుపేటలోనో, గుంటూరు కొత్తపేటలోనో డిశ్చార్జి కాగితం చేతికి రాగానే ఆటో ఎక్కేయకండి. నొప్పి మందు చివరి డోసు ఎప్పుడు, ఎంత ఇచ్చారో నర్సుగారితో రాయించుకోండి. తర్వాతి డోసు టైము దారిలో పడేలా ఉంటే ముందే అడగండి. కుదుపులకు పొట్ట బాగా నొస్తుంది.

• పారాసెటమాల్ మామూలుగా కిలో బరువుకు 15 మి.గ్రా., ఆరు గంటలకోసారి, రోజుకు నాలుగు డోసులు దాటకుండా. డాక్టరు వేరేగా రాస్తే అదే పాటించాలి. సీసా మీద అంకె తప్పకుండా చూడండి. 16 కిలోల బిడ్డకు 240 మి.గ్రా. కావాలి: 5 ఎంఎల్‌లో 120 ఉన్న సిరప్ అయితే 10 ఎంఎల్, 250 ఉన్నదైతే 4.8 ఎంఎల్. 120 సీసా కొలతతో 250 సీసా పోస్తే డోసు రెట్టింపవుతుంది. వంటింటి చెంచా వద్దు, సిరంజీతో కొలవండి.

• ఐబుప్రోఫెన్ డాక్టరు రాస్తేనే, ఏదైనా తిన్నాకే. వాంతులై మూత్రం తగ్గితే ఆపి ఫోన్ చేయండి, కిడ్నీలు దెబ్బతినొచ్చు. రెండూ కలిసిన సిరప్ ఇస్తుంటే విడిగా పారాసెటమాల్ ఇవ్వకూడదు. నిమెసులైడ్ అనే నొప్పి మందు 12 ఏళ్లలోపు వాళ్లకు మన దేశంలో నిషేధం.

• మొదటి రెండు రోజులు బిడ్డ ఏడ్చేదాకా ఆగకండి, టైముకే ఇవ్వండి.

• భుజం నొప్పంటే కంగారొద్దు. ఆపరేషన్‌లో పొట్టలో నింపిన కార్బన్ డయాక్సైడ్ వల్ల వస్తుంది, రెండు మూడు రోజుల్లో పోతుంది. మెల్లగా నడిపించండి. దగ్గేటప్పుడు పొట్టకు దిండు అదిమి పట్టాలి.

• తగ్గిన నొప్పి మళ్లీ పెరిగినా, పొట్ట ఉబ్బి గట్టిపడినా, పచ్చటి వాంతి, జ్వరం, మత్తు కనిపించినా వెంటనే ఆసుపత్రికి. బండి దొరక్కపోతే 108.