వేసవి గోరుచిక్కుడు: గింజ నాటే ముందు జాగ్రత్తలు

ఫిబ్రవరి, మార్చిలో డాబా మీద కుండీల్లో మొదటిసారి చిక్కుడు వేసేవాళ్లు గోరుచిక్కుడే ఎంచుకోండి. ఎండ 35 డిగ్రీలు దాటితే ఫ్రెంచ్ బీన్స్ పూత రాలిపోతుంది. నాటు పందిరి చిక్కుళ్లు చాలావరకు చలికాలంలోనే పూస్తాయి.

- అడుగు లోతు కుండీ, కింద రంధ్రాలు తప్పనిసరి. నీరు నిలిస్తే వేరుకుళ్లు ఖాయం.
- మట్టి రెండు పాళ్లు, బాగా మాగిన పశువుల ఎరువు ఒక పాలు. పచ్చిపేడ వేస్తే వేర్లు మాడతాయి. యూరియా జోలికి పోవద్దు; ఆకు గుబురెక్కి కాయ తగ్గుతుంది.
- నారు పోసి మార్చి నాటొద్దు, తల్లివేరు దెబ్బతింటుంది. నేరుగా అంగుళం లోతున మూడు గింజలు వేసి, మొలిచాక బలమైన రెండే ఉంచండి.
- డాబా పైపులో నిలిచిన నీళ్లు కాగిపోయి ఉంటాయి. వాటిని వదిలేశాకే మొక్కకు పోయండి, అదీ పొద్దున్నే.
- పేనుబంకకు (చిగుళ్ల రసం పీల్చే చిన్న పురుగులు) లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కాస్త సబ్బునీరు, సాయంత్రమే చల్లాలి.