టర్బో కారు తడబాటు – మూడో పాఠం: యాక్సిలరేటర్ నిండుగా తొక్కినప్పుడు

గత పాఠంలో ఇచ్చిన పని చేసినవారి దగ్గర ఈపాటికి ఒక కాగితం ఉండాలి. బండి ఏ గేరులో, ఏ ఆర్‌పీఎం దగ్గర, ఏ తీరుగా తడబడుతోందో అందులో రాసి ఉండాలి. "పికప్ లేదు" అని మాత్రమే రాసుకున్నవారు దయచేసి మరోసారి నడిపి చూడండి. ఆ మాట పట్టుకుని వెతకడం మొదలుపెడితే సగం ఇంజన్ విప్పాల్సి వస్తుంది.

తడబాటు ముఖ్యంగా మూడు తీరులుగా ఉంటుంది. మొదటిది కుదుపు. నిండుగా తొక్కగానే బండి దూకబోయి, వెనక నుంచి ఎవరో పట్టి గుంజుతున్నట్టు ఆగుతూ సాగుతుంది. కాలు సగానికి తగ్గిస్తే మళ్లీ సాఫీగా పోతుంది. రెండోది మందకొడితనం. కుదుపేమీ ఉండదు, చప్పుడు పెరుగుతుంది, బండి మాత్రం బలం పుంజుకోదు. మూడోది నీరసం. మొదట బాగానే లాగుతుంది, కొన్ని సెకన్ల తర్వాత చతికిలబడుతుంది. కుదుపు అయితే ముందు స్పార్కును, మందకొడితనం అయితే గాలిని, నీరసం అయితే పెట్రోలు సరఫరాను అనుమానించండి. ఈ అనుమానాన్నే తీర్పు అనుకుని వస్తువు కొనేయకండి. ఎక్కడ వెతకడం మొదలుపెట్టాలో చెప్పడం వరకే దాని పని.

రెండు సందర్భాలను ఇక్కడే పక్కన పెడదాం. ఐదో గేరులో 1300 ఆర్‌పీఎం దగ్గర తొక్కి బండి లాగడం లేదంటే అది జబ్బు కాదు. ఇంజన్‌లోకి గాలిని కుక్కే టర్బో చక్రాన్ని గట్టిగా తిప్పేంత ఎగ్జాస్టు (బయటికి పోయే పొగ) అప్పటికి పుట్టదు. గేరు దించండి. అలాగే ఆర్‌పీఎం ముల్లు ఎగిరి, వేగం మాత్రం పెరగకపోతే క్లచ్ జారుతోందని అర్థం. ఇంజన్ జోలికి వెళ్లనక్కర్లేదు.

ఈ పాఠం టర్బో పెట్రోలు కార్లకే. డీజిల్‌లో స్పార్క్ ప్లగ్గులు ఉండవు, చూడాల్సినవి వేరు. దాని సంగతి విడిగా చెప్పుకుందాం.

తాళం తిప్పి, స్టార్ట్ చేయకుండా

డ్యాష్‌బోర్డు కింద 16 పిన్నుల సాకెట్ ఉంటుంది. మన దేశంలో 2013 ఏప్రిల్ నుంచి వచ్చిన కార్లలో ఓబీడీ-2 (ఇంజన్ లోపాలను బయటికి చెప్పే ఏర్పాటు) ఉంటుంది కాబట్టి ఫోనుతో కలిసే చిన్న బ్లూటూత్ స్కానర్ చాలు. దాన్ని గుచ్చి, తాళం ఆన్ చేసి, ఇంజన్ స్టార్ట్ చేయకుండా మానిఫోల్డ్ (సిలిండర్లకు గాలిని పంచే గొట్టం) పీడనం ఎంత చూపిస్తోందో చదవండి. ఇంజన్ తిరగడం లేదు కనుక అది చూపించాల్సింది బయటి గాలి పీడనమే.

సముద్ర మట్టంలో అది దాదాపు 101 కిలోపాస్కల్స్. నల్లగొండ సుమారు 420 మీటర్ల ఎత్తున, మహబూబ్‌నగర్ సుమారు 500 మీటర్ల ఎత్తున ఉన్నాయి. అందువల్ల మన దగ్గర 95, 96 దగ్గర చూపిస్తే సెన్సార్ సరిగ్గా ఉన్నట్టే. ఒకటి అటూ ఇటూ అయినా పరవాలేదు. ఫోనులోని వాతావరణ యాప్‌తో మాత్రం దీన్ని పోల్చకండి. ఆ యాప్‌లు సాధారణంగా సముద్ర మట్టానికి సరిచేసిన అంకెను చూపిస్తాయి. రెండింటికీ పొంతన కుదరక, మంచి సెన్సార్‌ను తీసి పారేసి కొత్తది బిగించేవారు ఉంటారు. కీ వేసినప్పుడు 80 అనో 110 అనో చూపిస్తే మాత్రం సెన్సార్‌నూ దాని వైరింగ్‌నూ చూడాలి. అది తేలేవరకు తర్వాతి అంకెలేవీ నమ్మదగినవి కావు.

ఒక్క పరుగు, ఐదు అంకెలు

ఇక రోడ్డు మీదికి. పక్కన మరొకరు కూర్చోవాలి, ఫోను వారి చేతిలో ఉండాలి. నడిపేవారి చూపు రోడ్డు మీదే ఉండాలి. స్థలం ఎంచుకోవడంలో మొహమాటం వద్దు. చిట్యాల, నార్కట్‌పల్లి మీదుగా పోయే విజయవాడ హైవే మీద లారీల రద్దీ ఎప్పుడూ ఉంటుంది, సర్వీసు రోడ్డు నుంచి బైకులు హఠాత్తుగా వస్తాయి. పాలమూరు వైపువారు జడ్చర్ల దాటాక బెంగళూరు హైవేలో తెల్లవారాక, రద్దీ మొదలుకాక ముందు, ఊళ్లూ కూడళ్లూ లేని చోటు చూసుకోవాలి. మన్ననూరు నుంచి శ్రీశైలం వెళ్లే ఘాట్ ఎక్కుడు బాగుంటుంది కదా అనిపించవచ్చు. అది పులుల అభయారణ్యం. అక్కడ ఇలాంటి పరీక్షలు వద్దు.

ఇంజన్ పూర్తిగా వేడెక్కాక, మూడో గేరులో 1800 దగ్గర నిలకడగా నడుపుతూ ఒక్కసారిగా నిండుగా తొక్కి, 4000 దాటగానే వదిలేయండి. వేగ పరిమితి అడ్డొస్తే రెండో గేరులో చేయండి. చౌక స్కానర్లు సెకనుకు కొన్ని అంకెలే పంపగలవు. పాతిక కొలతలు ఎంచుకుంటే ఒక్కొక్కటి ఎప్పుడో ఒకసారి వస్తుంది, అసలు తడబాటు ఆ సందుల్లో జారిపోతుంది. ఐదు చాలు: ఆర్‌పీఎం, మానిఫోల్డ్ పీడనం, పెడల్ శాతం, థ్రాటిల్ (గాలి దారిలోని తలుపు) శాతం, ఇగ్నిషన్ టైమింగ్ (ప్లగ్గు నిప్పురవ్వ వేసే సమయం). లోపలికి వెళ్లే గాలి ఉష్ణోగ్రతను రెండో పరుగులో చూడవచ్చు.

ఇంటికొచ్చాక ముందు పెడల్, థ్రాటిల్ అంకెలను పక్కపక్కన పెట్టండి. పెడల్ నిండుగా ఉన్నా థ్రాటిల్ 40 శాతం దగ్గరే ఉండిపోతే, కంప్యూటరే కావాలని గొంతు నొక్కుతోంది. దేన్నో చూసి భయపడి ఇంజన్‌ను కాపాడుకుంటోంది. అప్పుడు ముందు ఫాల్ట్ కోడ్‌లు చదవాలి. గేరు మార్చే క్షణంలోనో, చక్రాలు జారినప్పుడో కాసేపు ఇలా జరిగితే అది సహజమే.

పీడనం ఎలా పెరిగింది?

పాఠంలో అసలు బలం ఇక్కడ ఉంది. ఉదాహరణకు మూడు సిలిండర్ల 1.2 లీటర్ల ఇంజన్ ఒకటి తీసుకుందాం. బాగున్నప్పుడు అది 2000 దగ్గర 150, 2500 దగ్గర 185, ఆపైన 190 కిలోపాస్కల్స్ చూపిస్తుందనుకుందాం. ప్రతి ఇంజన్‌కూ అంకెలు వేరు. మీ బండి బాగున్న రోజుల్లో తీసిన రికార్డు ఉంటే అంతకంటే మంచి కొలబద్ద లేదు.

ఇప్పుడు అదే బండిలో 2000 దగ్గర 125, 3000 దగ్గర 160 వచ్చి, ఆ పైన ఎదగలేదనుకోండి. మొదటి నుంచీ తక్కువ, పైగా ఆలస్యం. గాలి ఎక్కడో కారుతోంది, లేదా వేస్ట్‌గేటు (టర్బో చక్రం మీదికి పోకుండా ఎగ్జాస్టును పక్కకు మళ్లించే తలుపు) పూర్తిగా మూసుకోవడం లేదు. అలా కాకుండా 2500 వరకు అంతా సరిగా ఉండి, 3500 దాటాక పీడనం దిగిపోతూ వస్తే దారిలో అడ్డు ఉందని అనుమానించాలి. ఇంజన్ ఎక్కువ గాలి అడిగేకొద్దీ అడ్డు బయటపడుతుంది. ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయి ఉండవచ్చు, పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ పూడుకుపోయి ఉండవచ్చు. మిర్యాలగూడలో రైస్ మిల్లుల దగ్గర తిరిగే బండ్లకు ఊక దుమ్ము ఎంత పడుతుందో చూసినవారికి ఫిల్టర్ సంగతి వేరే చెప్పనక్కర్లేదు. కంపెనీ పుస్తకంలో రాసిన కిలోమీటర్ల కోసం ఎదురుచూడకుండా తీసి చూడండి.

గాలి కారడాన్ని పట్టుకోవడం పంక్చర్ షాపువాడి పనిలాంటిదే. ముందు కళ్లతో చూడండి. టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కు (ఆ గాలిని చల్లార్చే జాలీకి), అక్కడి నుంచి థ్రాటిల్‌కు వెళ్లే రబ్బరు పైపుల అతుకుల దగ్గర నూనె తడికి దుమ్ము అంటుకుని నల్లటి ముద్దలా కనిపిస్తే అక్కడ క్లాంపు వదులైందనో, పైపు చీలిందనో అర్థం. పైపు లోపల కాస్త నూనె ఉండటం టర్బో బండ్లలో మామూలే, బయటికి వచ్చిందంటేనే ఆలోచించాలి. ఇంజన్ ఆగి ఉన్నప్పుడు చీలిక కనిపించకపోవచ్చు. పీడనం పెరిగినప్పుడే నోరు తెరిచే చీలికలు ఉంటాయి. గడ్డివాము పక్కన నిలిపే బండ్లకు మరో బెడద ఎలుకలు. వేస్ట్‌గేటుకు వెళ్లే సన్నని గొట్టాన్ని కొరికితే పీడనం మీద అదుపు తప్పుతుంది.

కళ్లకు దొరకకపోతే గాలి ఎక్కించి చూడాలి. టర్బో గాలి పీల్చే నోటికి సరిపోయే పీవీసీ మూత హార్డ్‌వేర్ దుకాణంలో దొరుకుతుంది. దానికి టైరు వాల్వ్ బిగించి, గాలి 10 పీఎస్‌ఐ దాటకుండా ఎక్కించి, అతుకుల మీద సబ్బునీళ్లు పోయండి. బుడగలు చెబుతాయి. టైరుకు కొట్టినట్టు 32 కొట్టారంటే ఆయిల్ సీళ్లు దెబ్బతింటాయి, మూత ఎగిరి మొహానికి తగులుతుంది. ఇంజన్ చల్లగా ఉండాలి, మూతకు ఎదురుగా నిలబడకూడదు. కొంత గాలి ఇంజన్ లోపలి నుంచి పోతూ బుసకొట్టడం సహజం, దాన్ని చూసి కంగారు పడవద్దు.

పీడనం సరిగ్గా ఉండి కుదిపితే

పీడనం 190 వచ్చింది, థ్రాటిల్ తెరుచుకుంది, అయినా బండి కుదిపింది. అప్పుడు ప్లగ్గులను, వాటికి వోల్టేజీ అందించే కాయిళ్లను చూడాలి. ఇదే బండి ఐడ్లింగులో గడియారంలా నడుస్తుంది, అందుకే చాలామంది ప్లగ్గులను అనుమానించరు. టర్బో సిలిండర్లో గాలిని దట్టంగా కుక్కినప్పుడు ప్లగ్గు కొనల మధ్య నిప్పురవ్వ దూకాలంటే ఎక్కువ వోల్టేజీ కావాలి. ఎడం పెరిగిన పాత ప్లగ్గూ, బలహీనపడిన కాయిలూ తక్కువ లోడులో నెట్టుకొస్తాయి, నిండుగా తొక్కినప్పుడు చేతులెత్తేస్తాయి.

చాలా టర్బో పెట్రోలు ఇంజన్లలో ఈ ఎడం 0.6 నుంచి 0.8 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. మీ బండికి ఎంతో మాన్యువల్లో చూసి ఫీలర్ గేజీతో కొలవండి. ఇరిడియం ప్లగ్గు కొనను కటింగ్ ప్లేయరుతో వంచే సాహసం చేయకండి.

కాయిల్‌ను పరీక్షించడానికి ఒక్క రూపాయి ఖర్చు లేదు. స్కానర్‌లో పీ0301 అని వచ్చిందంటే మొదటి సిలిండర్ మిస్ అవుతోందని అర్థం. ఇంజన్ ఆపి, మొదటి సిలిండర్ కాయిల్‌ను రెండోదానికి, రెండోదాన్ని మొదటిదానికి మార్చి, కోడ్ చెరిపేసి మళ్లీ అదే పరుగు తీయండి. ఇప్పుడు పీ0302 వస్తే దోషి కాయిలే. ఇంకా పీ0301 అంటే ప్లగ్గులను కూడా అలాగే మార్చి చూడండి. అప్పటికీ కదలకపోతే ఇంజెక్టర్ (పెట్రోలు చిమ్మేది), కంప్రెషన్ (సిలిండర్లో గాలి నొక్కుడు) చూడాలి. ఒకేసారి కాయిలూ ప్లగ్గూ రెండూ మార్చితే ఏది దోషో ఎప్పటికీ తేలదు.

నీరసం సంగతి క్లుప్తంగా చెబుతాను. పెట్రోలును నేరుగా సిలిండర్లోకి చిమ్మే ఇంజన్లలో చాలా స్కానర్లు ఫ్యూయెల్ రైల్ (ఇంజెక్టర్లకు పెట్రోలు అందించే గొట్టం) పీడనం చూపిస్తాయి. కోరిన పీడనం ఒకటై, నిండుగా తొక్కినప్పుడు వచ్చేది అందులో సగానికి పడిపోతే ఫిల్టరునూ పంపులనూ చూడాలి. పీ0087 కోడ్ కూడా ఆ మాటే చెబుతుంది.

మే నెల మధ్యాహ్నం మాత్రమే నీరసించే బండిని వెంటనే అనుమానించకండి. బయట 44 డిగ్రీలుండి, లోపలికి వెళ్లే గాలి అంతకంటే వేడిగా ఉంటే ఇంజన్ నాక్ కాకుండా (పెట్రోలు తనంతట తానే అంటుకుని టకటకలాడకుండా) కంప్యూటర్ టైమింగ్‌ను వెనక్కి లాగుతుంది, బలం తగ్గుతుంది. ఉదయం ఒక పరుగు, మధ్యాహ్నం ఒక పరుగు తీసి టైమింగ్ అంకెలు పోల్చండి.

మెకానిక్ దగ్గరికి వెళ్లాల్సి వచ్చినా ఈ కాగితం వెంట ఉండాలి. "అన్నా, టర్బో పోయినట్టుంది" అని మీరే అంటే ఆయన కాదనడు, ఆ బిల్లు పదుల వేలల్లో ఉంటుంది. "అన్నా, మూడో గేరులో 3000 దగ్గర పీడనం 160 దాటడం లేదు, ముందు పైపులూ వేస్ట్‌గేటూ చూడండి" అంటే పని అక్కడి నుంచే మొదలవుతుంది. టర్బో నిజంగా పోయే బండ్లు ఉన్నాయి, కానీ అవి సాధారణంగా నీలిపొగ వదులుతాయి, ఆయిల్ తాగుతాయి, ఈల వేస్తాయి. ఇవేవీ లేకుండా టర్బో మార్చమనేవారిని కారణం అడగండి.

వచ్చే పాఠానికి ఇంటి పని: కాగితం పైన కీ వేసినప్పటి పీడనం రాయండి. కింద 2000, 2500, 3000, 3500, 4000 ఆర్‌పీఎంల దగ్గర పీడనం, థ్రాటిల్, టైమింగ్ రాయండి. ఉదయం తీసినవి ఒక వరుసలో, మధ్యాహ్నం తీసినవి మరో వరుసలో ఉండాలి. పైపులన్నీ బిగువుగా ఉన్నా పీడనం ఎదగని బండ్లవారు వేస్ట్‌గేటు కడ్డీ చేతికి కదులుతోందో లేదో కూడా, ఇంజన్ చల్లారాక, చూసి రాసుకోండి. నాలుగో పాఠం ఆ కడ్డీతోనే మొదలవుతుంది.