అమెరికాలో మూవింగ్ సేల్ పెట్టే ముందు

అమెరికా వచ్చిన ఏడాదికో రెండేళ్లకో దాదాపు అందరికీ మూవింగ్ సేల్, అంటే ఇల్లు మారేముందు సామాను అమ్మేసే అవసరం వస్తుంది. లీజు అయిపోతుంది, చదువు పూర్తవుతుంది, వేరే ఊళ్లో ఉద్యోగం దొరుకుతుంది. మంచం, పరుపు, డైనింగ్ టేబుల్, టీవీ, ఒక్కోసారి కారు కూడా పది రోజుల్లో అమ్మేయాలి. ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్‌లోనో, క్రెయిగ్స్‌లిస్ట్‌లోనో, ఆఫర్‌అప్‌లోనో ఫొటోలు పెడతాం. కొనడానికి వచ్చేవాళ్లలో మంచివాళ్లే ఎక్కువ. కానీ మనకు ఇల్లు ఖాళీ చేసే తొందర ఉంటుంది, ఇక్కడి బ్యాంకుల పద్ధతులు పూర్తిగా తెలియవు. మోసగాడికి ఆ రెండూ చాలు.

మా పై అంతస్తులో ఉండే కుర్రాడు ఎమ్మెస్ పూర్తిచేసి వేరే రాష్ట్రం వెళ్తూ డైనింగ్ టేబుల్, నాలుగు కుర్చీలు కలిపి 180 డాలర్లకు పెట్టాడు. ఓ రాత్రి తొమ్మిదింటికి వచ్చి తలుపు కొట్టాడు.

"అన్నా, ఈ మెయిల్ ఒక్కసారి చూస్తారా? డబ్బులు పడ్డాయంటున్నాడు, నాకేమో కనిపించట్లేదు."

మెయిల్ మీద జెల్ (Zelle, ఇక్కడి బ్యాంకు ఖాతాల మధ్య ఫోన్‌తోనే డబ్బు పంపే పద్ధతి) ఊదారంగు లోగో ఉంది. కొనేవాడు 180 పంపాడట. కానీ ఇతనిది పర్సనల్ ఖాతా కాబట్టి, దాన్ని బిజినెస్ ఖాతాగా మార్చడానికి ఇంకో 300 జమ కావాలట. ఆ 300 కూడా కొనేవాడే కట్టేశాడట. ఇతను ఆ 300 తిరిగి పంపేస్తే మొత్తం 480 డాలర్లు ఖాతాలో పడతాయట. ఇంకోపక్క ఫోన్‌లో వాడి మెసేజ్‌లు ఆగకుండా వస్తున్నాయి, తొందరగా పంపమని, అది తన భార్య ఆసుపత్రి ఖర్చుకు దాచిన డబ్బని.

"పాపం అన్నా, నాకోసం 300 ఎక్కువ కట్టాడు" అన్నాడు కుర్రాడు. మొహం నిండా టెన్షన్.

మెయిల్ పంపినవారి పేరు మీద నొక్కమన్నాను. లోపల అడ్రసు చూస్తే మామూలు జీమెయిల్. బ్యాంకు యాప్ తెరవమన్నాను. బ్యాలెన్స్ పొద్దున ఎంత ఉందో అంతే ఉంది. ఇంకో ఐదు నిమిషాలు ఆలస్యంగా వచ్చి ఉంటే ఆ పిల్లాడి 300 డాలర్లు పోయేవి.

ఈ మోసం ఇక్కడ చాలా పాతది, ఇప్పటికీ జరుగుతూనే ఉంది. మీ నంబరో మెయిలో జెల్‌లో ముందే నమోదై ఉంటే డబ్బు మామూలుగా నిమిషాల్లో నేరుగా మీ బ్యాంకు ఖాతాలో పడుతుంది. అవతలివాడు ఎక్కువ కడితే మీ ఖాతా స్థాయి పెరగడం అనేదే లేదు. అందుకే మెయిల్‌నీ, వాడు పంపిన స్క్రీన్‌షాట్‌నీ పట్టించుకోకండి. మీ బ్యాంకు యాప్ మీరే తెరిచి, బ్యాలెన్స్‌లో డబ్బు కనిపించాకే వస్తువు ఇవ్వండి. ఇంకో సంగతి, జెల్‌లో మీరు చేతులారా పంపిన డబ్బు వెనక్కి రావడం చాలా కష్టం.

ఇండియాలో యూపీఐ వాడినవాళ్లకు ఇది అర్థం కావడం తేలికే. అక్కడ పాత సోఫా అమ్ముతుంటే ఎవడో క్యూఆర్ కోడ్ పంపి, "స్కాన్ చేసి పిన్ కొట్టండి, మీకు డబ్బులొస్తాయి" అనేవాడు. పిన్ కొట్టేది డబ్బు పంపడానికే, రావడానికి కాదు. ఇక్కడా అంతే. అమ్మేవాళ్లు డబ్బు తీసుకోవడానికి ఎవరికీ పైసా పంపక్కర్లేదు, ఏ కోడూ చెప్పక్కర్లేదు, ఏ లింకూ నొక్కక్కర్లేదు. కొనేవాడు ఈ మూడింటిలో ఏది అడిగినా మాట అక్కడితో ఆపేయండి.

కోడ్ అన్నాను కదా, అదెలా ఉంటుందంటే: "ఇక్కడ దొంగ ప్రకటనలు ఎక్కువ, మీరు నిజమైన మనిషేనా అని చూసుకోవాలి, మీ ఫోన్‌కు ఆరంకెల కోడ్ పంపుతున్నాను, చెప్పండి" అని చాలా మర్యాదగా అడుగుతాడు. ఆ కోడ్ గూగుల్ నుంచి వస్తుంది. చెప్పారంటే మీ ఫోన్ నంబరు ఆధారంగా వాడు ఒక గూగుల్ వాయిస్ నంబరు (ఇంటర్నెట్ మీద పనిచేసే ఫోన్ నంబరు) తెరిచి, దాంతో ఇంకొకరిని మోసం చేస్తాడు. ఇప్పటికే చెప్పేసి ఉంటే, మీరే గూగుల్ వాయిస్ ఖాతా తెరిచి మీ ఫోన్ నంబరును దానికి జోడించుకోండి. అది వాడి ఖాతా నుంచి ఊడి వస్తుంది.

చెక్కుల విషయంలో మనవాళ్లు ఎక్కువగా పొరబడతారు. మన దగ్గర చెక్కు క్లియర్ అయ్యాకే డబ్బు ఖాతాలో పడుతుందని అలవాటు. ఇక్కడ చెక్కు వేసిన ఒకటి రెండు రోజుల్లోనే బ్యాంకు డబ్బు వాడుకోనిస్తుంది, చెక్కు మంచిదని తేలకముందే. అది దొంగ చెక్కని తెలిసేసరికి వారాలు పట్టవచ్చు. అప్పుడు బ్యాంకు మొత్తం వెనక్కి తీసుకుంటుంది, ఆలోపు ఖర్చుపెట్టినది మీరే కట్టాలి. బ్యాంకే తన తరఫున రాసిచ్చే క్యాషియర్స్ చెక్కు అని చూపించినా ఇదే కథ. 400 డాలర్ల సోఫాకు 1,400 డాలర్ల చెక్కు పంపి, "మిగతా వెయ్యి సోఫా తీసుకెళ్లే మూవర్స్‌కు ఇచ్చేయండి" అన్నాడంటే అది మోసమే. ఆ మూవర్స్ వాడి మనుషులే. కారు లాంటి పెద్ద వస్తువుకు చెక్కు తప్పకపోతే, కొనేవారితో కలిసి వాళ్ల బ్యాంకుకే వెళ్లి, కౌంటర్ దగ్గర మీ ముందే చెక్కు రాయించుకోండి.

చిన్న వస్తువులకు నగదే మేలు. కొత్త డిజైన్ నోట్లయితే, 100 నోటులో నీలిరంగు పట్టీ కాగితంలోనే నేసి ఉంటుంది. 20 నోటును అటూ ఇటూ వంచితే కుడివైపు కింద ఉన్న 20 అంకె రాగి రంగు నుంచి ఆకుపచ్చకు మారాలి.

కలిసే చోటు గురించి: చాలా ఊళ్లలో పోలీస్ స్టేషన్ పార్కింగ్‌లో ఇలాంటి అమ్మకాల కోసమే కెమెరాలున్న స్థలం ఉంటుంది, సేఫ్ ఎక్స్‌చేంజ్ జోన్ అని బోర్డు పెడతారు. ఫోన్, ల్యాప్‌టాప్ లాంటివి అక్కడే ఇవ్వండి. మంచం, సోఫా అయితే ఇంటికి రానివ్వక తప్పదు. వీలైతే ముందే గరాజ్‌లోకో గుమ్మం దగ్గరకో తెచ్చి పెట్టండి. ఒంటరిగా ఉండకండి, చీకటి పడ్డాక రమ్మనకండి.

ఇక్కడ ఒక్క విషయం గట్టిగా చెప్పాలి. "ఫలానా తేదీన ఇండియా వెళ్తున్నాం, అర్జెంటు" అని ప్రకటనలో రాయకండి. ఇండియన్ల ఇళ్లలో బంగారం ఉంటుందని దొంగలకు తెలుసు. 2011 నుంచి 2014 మధ్య జార్జియా, న్యూయార్క్, మిషిగన్, టెక్సస్ రాష్ట్రాల్లో భారతీయ, ఇతర ఆసియా కుటుంబాల ఇళ్లనే ఎంచుకుని దోపిడీలు చేసిన ముఠా ఒకటి ఉండేది. దాన్ని నడిపిన వ్యక్తికి 2019లో ఫెడరల్ కోర్టు 37 ఏళ్ల జైలుశిక్ష వేసింది. ఫొటోల్లో ఇంటి నంబరు, గోడ మీది పెళ్లి ఫొటో, పూజ గదిలోని వెండి సామాను పడకుండా చూసుకోండి.

కారు అమ్మితే టైటిల్ (కారు మీదేనని చూపే పత్రం) మీద సంతకం చేసి ఇవ్వడంతో పని అయిపోదు. చాలా రాష్ట్రాల్లో అమ్మినట్టు ప్రభుత్వానికి మీరే తెలపాలి. కాలిఫోర్నియాలో 5 రోజుల్లోపు, టెక్సస్‌లో 30 రోజుల్లోపు. తెలపకపోతే ఆ తర్వాత పడే టోల్, పార్కింగ్ టికెట్లు మీ పేరున రావచ్చు. కొనేవాడు కారు పాత చరిత్ర చూపే రిపోర్టును ఫలానా సైట్లోనే కొనమని లింకు పంపితే అక్కడ మీ కార్డు వివరాలు ఇవ్వకండి.

పొరపాటున డబ్బు పంపేశారా? ముందు కార్డు వెనక ఉన్న నంబరుకు ఫోన్ చేసి బ్యాంకుకు చెప్పండి. గూగుల్‌లో వెతికి దొరికిన నంబరుకు చేయకండి. మెసేజ్‌లు చెరిపేయకుండా స్క్రీన్‌షాట్లు తీసుకోండి. తర్వాత వినియోగదారుల రక్షణ చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌టీసీ వారి రిపోర్ట్‌ఫ్రాడ్ సైట్లోనూ, ఇంటర్నెట్ నేరాల ఫిర్యాదుల కోసం ఎఫ్‌బీఐ నడిపే ఐసీ3 సైట్లోనూ ఫిర్యాదు పెట్టండి. ఫిర్యాదు చేస్తే వీసాకు ఏమవుతుందోనని మనవాళ్లు చాలామంది నోరు మూసుకుంటారు. మోసపోవడం మీ నేరం కాదు, దాని గురించి ఫిర్యాదు చేయడం అసలే కాదు. ఆ తర్వాత కొన్నాళ్లకు, పోయిన డబ్బు తిరిగి ఇప్పిస్తామని, ముందు కొంత ఫీజు కట్టమని ఎవరో ఫోన్ చేయవచ్చు. ఒకసారి మోసపోయినవాళ్ల నంబర్లు మోసగాళ్ల చేతుల్లో తిరుగుతూ ఉంటాయి. అలా ఫోన్ చేసినవాడి నంబరు కూడా బ్లాక్ చేసేయండి.