కత్తి స్టీళ్లను పోల్చే ముందు కోణం చూసుకోండి

రెండు కత్తుల్లో ఏ స్టీలు పదును ఎక్కువ కాలం నిలుపుతుందో చూడాలంటే, కొన్నప్పుడున్న పదునుతోనే పరీక్ష మొదలుపెట్టకండి. ఒకటి వైపుకు 15 డిగ్రీల్లో, ఇంకోటి 20 డిగ్రీల్లో నూరి ఉండొచ్చు, అప్పుడు మీరు కొలిచేది స్టీలును కాదు, కోణాన్ని. సన్నటి కోణం మామూలు స్టీలును కూడా గెలిపించేస్తుంది. అందుకే రెండింటినీ ఒకే సానరాయి మీద ఒకే కోణంలో నూరి, అంచున మిగిలిన సన్నటి ముళ్లు తోలు మీద రుద్ది పూర్తిగా తీసేయండి. అవి ఉండిపోతే మొదటి పది కోతల్లోనే పదును పోయినట్టు అనిపిస్తుంది, పాపం స్టీలు తప్పేం లేకపోయినా.

తర్వాత డిజిటల్ కాటా మీద చెక్క పలక పెట్టి, ఒకే కట్టలోని నార తాడును బ్లేడులో ఒకే చోటుతో (ఆ చోట గీత పెట్టుకోండి) కోస్తూ కాటా ఎంత చూపిస్తుందో రాసుకోండి. మొదట్లో పట్టిన బలానికి రెట్టింపు పట్టిందంటే ఆపేయండి, అప్పటిదాకా ఎన్ని కోతలో అదే మీ లెక్క. అట్టముక్కలూ పనికొస్తాయి గానీ ఒక్కో అట్టలో దుమ్ము, ఇసుక ఒక్కోలా ఉంటాయి, నాకు వాటి మీద నమ్మకం తక్కువ.

కత్తి పదును ఎంతకాలం నిలుస్తుందో చూడ్డానికి ల్యాబుల్లో వాడే క్యాట్రా యంత్రమైతే 5 శాతం సిలికా (ఇసుకలో ఉండే గట్టి పదార్థం) కలిపిన కాగితపు కార్డును 60 సార్లు కోయిస్తుంది. అది అరుగుదలను మాత్రమే చూస్తుంది, అంచు పెచ్చులూడటాన్ని కాదు. వెనేడియం అనే లోహం ఎక్కువున్న స్టీళ్లు అక్కడ మెరుస్తాయి, కానీ వాటిని మళ్లీ నూరేటప్పుడు చేతులు పడిపోతాయి.